ట్రావెల్ ట్రైలర్‌కు తగిన బండి: తలుపు అంచు స్టిక్కర్ నుంచి తూకం చీటీ దాకా

పికప్ ట్రక్కులో డ్రైవరు వైపు తలుపు తెరిస్తే, ఆ తలుపు వచ్చి మూసుకునే స్తంభం మీద పసుపు పట్టీతో ఒక చిన్న స్టిక్కర్ ఉంటుంది. టైర్లలో గాలి ఎంత ఉండాలో చూసుకోవడానికి తప్ప దాని వంక సాధారణంగా ఎవరూ చూడరు. మనుషులూ సామానూ కలిపి ఇన్ని పౌండ్లకు మించరాదని అందులో ఒక వాక్యం ఉంటుంది. అమెరికాలో ట్రావెల్ ట్రైలర్, అంటే బండి వెనక తగిలించి లాగే చక్రాల ఇల్లు, కొనబోయే కుటుంబం అన్నిటికంటే ముందు చదవవలసినది ఆ వాక్యమే. మేము మాత్రం అన్నిటికంటే చివర చదివాము.

మాది డాలస్ దగ్గర నలుగురున్న కుటుంబం. బండి హాఫ్-టన్ పికప్, అంటే పెద్ద పికప్‌లలో తేలిక రకం. దాని బ్రోషర్‌లో 11,000 పౌండ్లు లాగగలదని ఉంది. మేము చూసిన ట్రైలర్ ఖాళీ బరువు 5,900 పౌండ్లు, నిండా సామాను వేసినా 7,600 దాటకూడదు. అమ్మకందారు ఆ రెండు అంకెలూ పక్కపక్కన రాసి చూపించి, "మీ ట్రక్కుకి ఇది ఒక లెక్కా" అన్నాడు. మాకూ అందులో తప్పేమీ కనిపించలేదు. ఆరు నెలల తరువాత తూకం వేయించినప్పుడు ట్రక్కు తన పరిమితికి 210 పౌండ్లు పైన ఉంది. ఈ వ్యాసంలో ఆ లెక్కను మొదటి నుంచి, కొనక ముందు ఎలా వేసుకోవాలో అలా వేసి చూపిస్తాను. ట్రక్కు వెనక బంపరు కింద తగిలించుకుని లాగే మామూలు ట్రావెల్ ట్రైలర్ల గురించే ఇక్కడ చెబుతున్నాను. ట్రక్కు తొట్టిలో కూర్చునే ఫిఫ్త్ వీల్ లెక్క కొంత వేరుగా ఉంటుంది.

లాగడం వేరు, మోయడం వేరు

బ్రోషర్‌లో పెద్ద అక్షరాలతో వేసే టో రేటింగ్ ఊరికే పుట్టిన అంకె కాదు. దానిని తేల్చడానికి ఆటోమొబైల్ ఇంజినీర్ల సంఘం పెట్టిన ఎస్ఏఈ జే2807 అనే ప్రమాణం ఉంది. టొయోటా తన 2011 టండ్రాతో దానిని మొదట పాటించింది, తరువాతి కొన్నేళ్లలో మిగతా పెద్ద కంపెనీలు కూడా అదే దారి పట్టాయి. ఆ పరీక్షలో ఒక భాగం అరిజోనాలోని డేవిస్ డ్యామ్ చడావు. 11.4 మైళ్ల పొడవున ఎక్కే ఆ దారిని, ఏసీ నడుస్తుండగానే, ట్రైలర్‌తో గంటకు 40 మైళ్ల వేగం తగ్గకుండా ఎక్కాలి. ఇంజను, గేరుబాక్సు, శీతలీకరణ తట్టుకుంటాయా లేదా అని తేల్చడానికి ఇది కఠినమైన, నిజాయితీ గల పరీక్షే. అయితే ఆ పరీక్షలో బండిలో కూర్చున్నవారు ఇద్దరు, ఒక్కొక్కరి బరువు 150 పౌండ్లు. వెనక సీట్లో పిల్లలు లేరు, తొట్టిలో జనరేటర్ లేదు, ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలు లేరు.

టో రేటింగ్ బండి ఎంత లాగుతుందో చెబుతుంది. పేలోడ్ బండి తన వీపు మీద ఎంత మోస్తుందో చెబుతుంది. ట్రైలర్ ముందు కొస ట్రక్కు మీద ఆనుతుంది కనుక, ట్రైలర్ బరువులో కొంత భాగం లాగుడు లెక్కలోంచి మోత లెక్కలోకి వస్తుంది. దీనినే టంగ్ వెయిట్ అంటారు. హాఫ్-టన్ ట్రక్కుల్లో, ఎస్‌యూవీల్లో దాదాపు ఎప్పుడూ ముందుగా అయిపోయేది పేలోడే. లాగే శక్తి వేల పౌండ్లు మిగిలి ఉండగానే మోసే శక్తి అయిపోతుంది.

మొదటి మెట్టు: మీ బండి స్టిక్కర్ చదవడం

పేలోడ్ కోసం బ్రోషర్ చూడకండి, ఇంటర్నెట్ కూడా చూడకండి. ఒకే మోడల్, ఒకే ఇంజను, ఒకే ఏడాది ట్రక్కులు రెండు పక్కపక్కన నిలబెట్టినా వాటి స్టిక్కర్లలో వందల పౌండ్ల తేడా ఉండవచ్చు. పైకప్పు నిండా అద్దం, నాలుగు చక్రాల డ్రైవ్, మోటారు సీట్లు, పెద్ద చక్రాలు, ఇవన్నీ బండి బరువు పెంచుతాయి. బండి మొత్తం పరిమితి మారదు కనుక ఆ బరువంతా పేలోడ్‌లోంచే పోతుంది. ఖరీదైన మోడల్‌కు మోత తక్కువ ఉండటం ఇందుకే. షోరూములో ట్రక్కు చూసేటప్పుడు స్టిక్కర్‌కు ఫోనుతో ఒక ఫొటో తీసుకోవడం అలవాటు చేసుకోండి. అమ్మేవారు వింతగా చూస్తారు, చూడనివ్వండి.

అదే స్తంభం మీద ఇంకొక స్టిక్కర్ ఉంటుంది. అందులో బండి మొత్తం బరువు పరిమితి, అంటే జీవీడబ్ల్యూఆర్, ముందు ఇరుసు పరిమితి, వెనక ఇరుసు పరిమితి విడివిడిగా ఉంటాయి. ఆ మూడూ రాసుకోండి. నాలుగోది జీసీడబ్ల్యూఆర్, బండీ ట్రైలరూ కలిసి ఎంత తూగవచ్చో చెప్పే అంకె, అది యజమాని పుస్తకంలోనో కంపెనీ వారి టోయింగ్ గైడులోనో దొరుకుతుంది. మా ట్రక్కుకు ఇవి ఇలా ఉన్నాయి: పేలోడ్ 1,480 పౌండ్లు, జీవీడబ్ల్యూఆర్ 7,050, వెనక ఇరుసు 4,100, జీసీడబ్ల్యూఆర్ 17,000.

ఇప్పుడు ఇంట్లో తూకం యంత్రం బయటికి తీయండి. పేలోడ్‌లోంచి పోయేవన్నీ ఒక కాగితం మీద రాయాలి, డ్రైవరుతో సహా. మేమిద్దరమూ ఇద్దరు పిల్లలూ కలిసి 490 పౌండ్లు వచ్చాము. ట్రక్కు కొన్నాక మేము తగిలించుకున్న తొట్టి మూత, మందపాటి మ్యాట్లు, పక్క మెట్లు కలిపి 110. స్టిక్కర్ ఫ్యాక్టరీలో అంటించినది కనుక వీటి సంగతి దానికి తెలియదు. ట్రైలర్‌ను తగిలించే హిచ్ సరంజామా 90. తొట్టిలో జనరేటర్, ఐసు పెట్టె, కట్టెలు, పనిముట్ల పెట్టె కలిపి 200. మొత్తం 890. 1,480లోంచి తీసేస్తే 590 పౌండ్లు మిగిలాయి. ట్రైలర్ ముందు కొస ట్రక్కు మీద మోపగలిగిన బరువు అంతే.

పిల్లల బరువు రాసేటప్పుడు ఈ ఏటి బరువు కాక మూడేళ్ల తరువాతి బరువు ఊహించి రాయడం మేలు. ట్రైలర్ పదేళ్లు ఉంటుంది, పిల్లలు అలాగే ఉండరు.

రెండో మెట్టు: ట్రైలర్ అసలు బరువు కనుక్కోవడం

ట్రైలర్ బ్రోషర్‌లో రెండు అంకెలు ఆకర్షణీయంగా ఉంటాయి, ఒకటి ఖాళీ బరువు, రెండోది ఖాళీ టంగ్ వెయిట్. కొనేటప్పుడు ఆ రెండింటినీ పక్కన పెట్టండి. ఖాళీ ట్రైలర్‌ను ఫ్యాక్టరీ నుంచి షోరూముకు తెచ్చే డ్రైవరుకు తప్ప మరెవరికీ ఆ బరువుతో పని లేదు. బ్యాటరీ తరచుగా అందులో ఉండదు, ఒక్కో బ్యాటరీ 50, 60 పౌండ్లు తూగుతుంది. ముందు కొస మీదే కూర్చునే ప్రొపేన్ సిలిండర్లు, 20 పౌండ్ల గ్యాసు పట్టేవి రెండు, నిండుగా ఉంటే దాదాపు 74 పౌండ్లు. ఈ రెండింటి బరువులో ఎక్కువ భాగం టంగ్ వెయిట్‌లోకే చేరుతుంది.

నీరు గ్యాలనుకు 8.34 పౌండ్లు. 40 గ్యాలన్ల తొట్టి నింపితే 334 పౌండ్లు. ఆ తొట్టి ఇరుసులకు ముందుందా వెనకుందా అన్నది ట్రైలర్ కొనేముందే కింద వంగి చూసుకోవలసిన సంగతి, ఎందుకో తరువాత చెబుతాను. శిబిరంలో నీటి కనెక్షన్ ఉంటే తొట్టి ఖాళీగానే తీసుకువెళ్లవచ్చు.

ఇక వంటిల్లు. అమెరికన్ల లెక్కల్లో వంటింటి సామాను ఒక పెట్టెడు ఉంటుంది. మన లెక్క వేరు. 20 పౌండ్ల సోనా మసూరి సంచీ, రెండు కుక్కర్లు, ఇనుప పెనం, చిన్న గ్రైండరు, పప్పుల డబ్బాలు, ఊరగాయ జాడీలు, బయట పెట్టుకునే రెండు బర్నర్ల పొయ్యి, మడత కుర్చీలు ఆరు. మొదటి ప్రయాణం తరువాత మేము ఒక్కొక్కటీ తూచి రాస్తే వంటింటి వాటా ఒక్కటే 210 పౌండ్లు తేలింది. గ్రైండరు ఇప్పుడు ఇంట్లోనే ఉంటోంది, దోసెల పిండి ఐసు పెట్టెలో వస్తోంది.

కనుక ట్రైలర్ ఎంత తూగుతుందని ఎవరైనా అడిగితే దాని జీవీడబ్ల్యూఆర్ చెప్పండి. ట్రైలర్ ఎడమ పక్క ముందు భాగంలో అంటించిన రేకు మీదో స్టిక్కర్ మీదో ఆ అంకె ఉంటుంది. తలుపు దగ్గర ఇంకొక పసుపు స్టిక్కర్ మీద, లోపల వేసుకోగల సామాను ఎంతో రాసి ఉంటుంది. నిజానికి మనము ఆ పరిమితి దాకా నింపకపోవచ్చు. మా ట్రైలర్ 7,600 పరిమితికి 7,040 తూగింది. కానీ కొనక ముందు పరిమితి అంకెతో లెక్క వేసుకుంటే తరువాత పశ్చాత్తాపం ఉండదు.

మూడో మెట్టు: ముందు కొస బరువు

ఎడ్ల బండి తోలిన ఇంట పుట్టినవారికి టంగ్ వెయిట్ గురించి కొత్తగా చెప్పవలసినది ఏమీ లేదు. బండిలో బస్తాలు వెనక్కి ఎక్కువగా పడితే నొగలు పైకి లేస్తాయి, కాడి ఎద్దుల మెడల మీద నిలవదు, మెడతాళ్లు గొంతుకు బిగుసుకుంటాయి. ముందుకు ఎక్కువైతే కాడి బరువుకు ఎద్దులు మెడలు వంచి నడవలేక నడుస్తాయి. అందుకే బస్తాలు సర్దాక బండివాడు ఒకసారి నొగ పట్టుకుని ఎత్తి చూసేవాడు. ట్రైలర్‌కు కూడా అదే సూత్రం, కాకపోతే చేతితో ఎత్తి చూడలేము కనుక తూకం కావాలి.

ట్రావెల్ ట్రైలర్ మొత్తం బరువులో 10 నుంచి 15 శాతం ముందు కొస మీద ఉండాలి. 10 కంటే తగ్గితే ట్రైలర్ వెనక భాగం తోక ఊపినట్టు పక్కలకు ఊగడం మొదలవుతుంది, వేగం పెరిగే కొద్దీ ఆ ఊపు తనంతట తాను పెద్దదవుతుంది. దీనిని స్వే అంటారు, ట్రైలర్లు బోల్తా పడటానికి ఇది ఒక పెద్ద కారణం. 15 దాటితే ట్రక్కు వెనక భాగం కుంగి, ముందు చక్రాలు తేలిపోయి, స్టీరింగ్ పట్టు తప్పుతుంది. నేను లెక్కకు 13 శాతం తీసుకుంటాను. ట్రక్కును కాపాడటానికి ముందు కొస బరువు తగ్గిద్దామని సామాను వెనక్కి జరిపేవారు కొందరున్నారు. అది ఒక ప్రమాదాన్ని తప్పించుకోబోయి మరొకదానిలో పడటమే. బరువు ఎక్కువైతే ట్రైలర్ చిన్నది కావాలి, లేదా ట్రక్కు పెద్దది కావాలి.

ఇప్పుడు మా లెక్క పూర్తి చేద్దాము. ముందు కొసకు మిగిలినది 590 పౌండ్లు. దానిని 0.13తో భాగిస్తే సుమారు 4,540. 11,000 లాగుతుందన్న మా ట్రక్కుకు, మా నలుగురితో, మా సామానుతో తగిన ట్రైలర్ 4,500 పౌండ్ల జీవీడబ్ల్యూఆర్ ఉన్నదన్నమాట. తొట్టిలోని 200 పౌండ్లూ మానుకుంటే 6,000 దాకా పోవచ్చు. మేము కొన్నది 7,600ది. దానిలో 13 శాతం 988. బ్రోషర్‌లో ఖాళీ టంగ్ వెయిట్ 650 అని ఉండటమే మమ్మల్ని ముంచింది.

ఈ ఒక్క భాగహారం చేస్తే చాలు, సగం పొరపాట్లు షోరూములోనే ఆగిపోతాయి. స్టిక్కర్‌లోని పేలోడ్‌లోంచి మనుషులను, సామానును, హిచ్‌ను తీసేసి, మిగిలినదానిని 0.13తో భాగించాలి. ఆ వచ్చిన అంకె కంటే ట్రైలర్ జీవీడబ్ల్యూఆర్ తక్కువ ఉండాలి. టో రేటింగ్ దగ్గరికి ఆ తరువాతే వెళ్లాలి, చాలాసార్లు వెళ్లనక్కరే ఉండదు.

మన కుటుంబాల్లో ఎక్కువగా ఉండే సియెన్నా, ఒడిస్సీ వంటి వ్యాన్ల గురించి ఒక మాట. వాటి టో రేటింగ్ 3,500 పౌండ్లు, అది కూడా తగిన సరంజామా ఉంటేనే. టంగ్ పరిమితి 350 పౌండ్ల దగ్గర ఉంటే 13 శాతం లెక్కన 2,700 పౌండ్ల ట్రైలర్‌తోనే అది అయిపోతుంది. కన్నీటి చుక్క ఆకారంలో ఉండే చిన్న ట్రైలర్లే వీటికి నప్పుతాయి. 5,000 పౌండ్లు లాగే మూడు వరుసల ఎస్‌యూవీలకు టంగ్ పరిమితి 500 అయితే ట్రైలర్ 3,850 దాటకూడదు. ఇలాంటి బండ్ల పుస్తకాల్లో కొన్నింటిలో ట్రైలర్ ముఖం వైశాల్యానికి కూడా పరిమితి ఉంటుంది. బరువు తక్కువైనా గోడలా నిలబడే ట్రైలర్‌ను గాలికి ఎదురుగా లాగడం వేరే పని కనుక, ఆ పేజీ కూడా చదవండి. విద్యుత్ బండ్లు బరువును సునాయాసంగా లాగుతాయి, కానీ ఆ గాలి వల్లనే ఒక ఛార్జికి పోయే దూరం సుమారు సగానికి పడిపోతుంది.

నాలుగో మెట్టు: హిచ్ ఎంపిక, సర్దుబాటు

ట్రక్కు కింద ఉండే చదరపు గొట్టాన్ని రిసీవర్ అంటారు. దాని మీద ఒక స్టిక్కర్, అందులో రెండు వరుసలు ఉంటాయి. మామూలుగా తగిలిస్తే ఎంత, బరువు పంచే హిచ్‌తో అయితే ఎంత అని. చాలా హాఫ్-టన్ ట్రక్కులకు మొదటి వరుస 5,000 పౌండ్ల ట్రైలర్, 500 పౌండ్ల టంగ్ దగ్గరే ఆగిపోతుంది. అంతకు మించితే బరువు పంచే హిచ్ తప్పనిసరి అని దాని అర్థం. బ్రోషర్‌లోని 11,000 కూడా ఆ హిచ్ ఉంటుందన్న లెక్కతోనే రాసినది. కొన్ని చిన్న ఎస్‌యూవీల పుస్తకాలు మాత్రం ఇలాంటి హిచ్ వాడవద్దని చెబుతాయి. పుస్తకం వద్దంటే వద్దనే.

ఈ హిచ్ ఎందుకు కావాలో చెబుతాను. ట్రైలర్ కొస ఆనే బాల్ ట్రక్కు వెనక ఇరుసుకు నాలుగైదు అడుగులు వెనక ఉంటుంది. ఏతం మీద ఒక కొస దిగితే రెండో కొస లేచినట్టు, అక్కడ పడిన బరువు వెనక ఇరుసును కిందికి తొక్కి ముందు ఇరుసును పైకి లేపుతుంది. మా ట్రైలర్ కొస బరువు 920 పౌండ్లు. అది ఆనగానే వెనక ఇరుసు మీద పెరిగినది 920 కాదు, 1,320. ముందు ఇరుసు మీద 400 తగ్గింది. స్టీరింగు తిప్పేదీ, బ్రేకులో ఎక్కువ భాగం పనిచేసేదీ ఆ ముందు చక్రాలే. బరువు పంచే హిచ్‌లో రెండు ఉక్కు కమ్మీలు ట్రైలర్ చట్రానికీ బాల్‌కూ మధ్య బిగుసుకుని, వెనక ఇరుసు మీది బరువులో కొంత ముందు ఇరుసుకూ కొంత ట్రైలర్ ఇరుసులకూ తిప్పి పంపుతాయి. అయితే ట్రైలర్ కొస బరువు దీనితో మాయం కాదు, రిసీవర్ స్టిక్కర్‌లోని రెండో వరుసను దాటడానికీ, పేలోడ్ పరిమితిని పెంచడానికీ ఇది పనికిరాదు.

సర్దుబాటుకు టేపు ఒక్కటి చాలు. చదునైన నేల మీద, ట్రైలర్ తగిలించక ముందు, ముందు చక్రం మీది రేకు అంచు నేల నుంచి ఎంత ఎత్తులో ఉందో కొలవండి. మాది 38 అంగుళాలు. కమ్మీలు వేయకుండా ట్రైలర్ ఆనిస్తే 39.5 అయింది. ఇప్పుడు కమ్మీలు బిగించి, లేచిన ఆ అంగుళంన్నరలో సగమో అంతకు కొంచెం ఎక్కువో కిందికి దించాలి, కచ్చితంగా ఎంత అన్నది మీ ట్రక్కు పుస్తకం చెబుతుంది. మేము 38.6 దగ్గర ఆపాము. 38 కంటే కిందికి దించితే వెనక చక్రాలు తేలికై, తడి రోడ్డు మీద జారుతాయి, కనుక ఎక్కువ బిగిస్తే ఎక్కువ మంచిదన్నది తప్పు. చివరగా దూరం నుంచి పక్కకు నిలబడి చూస్తే ట్రైలర్ చదునుగానో, ముందుకు ఒక్క రవ్వ వంగో ఉండాలి. ముక్కు పైకెత్తి ఉంటే బాల్ ఎత్తు తగ్గించాలి.

బాల్ కొలత కప్లర్ మీద, అంటే బాల్ మీద కూర్చునే ట్రైలర్ కొస మీద, పోతపోసి ఉంటుంది. పెద్ద ట్రైలర్లకు ఎక్కువగా రెండూ అయిదు పదహారోవంతుల అంగుళాలది వస్తుంది. రెండు అంగుళాల బాల్ దానిలో వదులుగా కూర్చుంటుంది, కూర్చున్నట్టే కనిపిస్తుంది, గుంతలో ఎగిరి బయటికి వస్తుంది. కప్లర్ గొళ్లెం వేశాక జాక్‌తో ట్రైలర్ కొసను పైకెత్తి చూడండి. ట్రక్కు వెనక భాగం కూడా దానితో లేస్తే గొళ్లెం పడినట్టు.

అయిదో మెట్టు: బ్రేకులు, గొలుసులు

ట్రైలర్ చక్రాలకు విద్యుత్ బ్రేకులు ఉంటాయి. వాటిని నడిపే కంట్రోలరు ట్రక్కులోనే వచ్చి ఉండవచ్చు, లేకపోతే బిగించుకోవాలి. ట్రైలర్ 3,000 పౌండ్లు దాటితే దానికి సొంత బ్రేకులు ఉండాలని చాలా రాష్ట్రాల చట్టం, కొన్నిచోట్ల ఇంకా తక్కువకే. చట్టం సంగతి అటుంచి, ఏడు వేల పౌండ్లను ట్రక్కు బ్రేకుల మీదే ఆపాలనుకోవడం అవివేకం. ఖాళీగా ఉన్న పొడి రోడ్డు మీద, గంటకు 20, 25 మైళ్ల వేగంలో, కంట్రోలరు మీది చేతి మీట ఒక్కటే నొక్కి చూడండి. ట్రైలర్ గట్టిగా పట్టాలి కానీ చక్రాలు బిగుసుకుపోయి ఈడ్చుకుపోకూడదు. బిగుసుకునే చోటు నుంచి కొద్దిగా తగ్గించి ఆపండి. సామాను బరువు మారిన ప్రతిసారీ ఈ పరీక్ష మళ్లీ చేయాలి. ఆ మీట ఎక్కడుందో చూడకుండానే చేతికి తగలడం అలవాటు కావాలి, దాని అవసరం ఎప్పుడు పడుతుందో తరువాత చెబుతాను.

భద్రతా గొలుసులు రెండూ ట్రైలర్ కొస కింద అడ్డదిడ్డంగా, ఇంటూ గుర్తులా దాటి తగలాలి, అప్పుడు కొస ఊడినా నేలకు తగలకుండా ఆ ఉయ్యాలలో పడుతుంది. ట్రైలర్ విడిపోతే బ్రేకులు వేసే సన్నని తీగ ఒకటి ఉంటుంది, దానిని గొలుసుకు కాక విడిగా ట్రక్కుకు తగిలించాలి. ఆ తీగ పనిచేయాలంటే ట్రైలర్ బ్యాటరీ బతికి ఉండాలి.

టైర్ల దగ్గర రెండు సంగతులు చాలు. ట్రైలర్‌కు ట్రైలర్ల కోసమే చేసిన ఎస్‌టీ రకం టైర్లు ఉంటాయి, అవి అరిగిపోయి కాక ముసలివై పగులుతాయి. టైరు పక్క గోడ మీద తయారీ గుర్తు చివర ఉండే నాలుగు అంకెల్లో మొదటి రెండూ వారం, చివరి రెండూ సంవత్సరం. అయిదారేళ్లు దాటితే మచ్చ లేకపోయినా మార్చేయండి. గాలి ప్రతి ప్రయాణం ఉదయం, ఎండ పడక ముందు, కొలవాలి.

ఆరో మెట్టు: ట్రక్కు స్టాపులో తూకం

ఇంతవరకు వేసినది కాగితం మీది లెక్క. అసలు లెక్క పెద్ద ట్రక్కు స్టాపుల్లో లారీలను తూచే క్యాట్ స్కేలు మీద తేలుతుంది. ఖర్చు పెద్దగా ఉండదు, అదే చోట 24 గంటల లోపల మళ్లీ తూచుకుంటే రుసుము బాగా తగ్గుతుంది. ప్రయాణానికి బయలుదేరే రోజున, అందరూ కూర్చుని, పెట్రోలు నింపుకుని, సామానంతా ఉండగా వెళ్లాలి. ముందు చక్రాలు మొదటి పలక మీద, వెనక చక్రాలు రెండో పలక మీద, ట్రైలర్ చక్రాలు మూడో పలక మీద ఉండేలా ఆపి మీట నొక్కాలి. ఆ మీట పద్దెనిమిది చక్రాల లారీ డ్రైవరు చేతికి అందే ఎత్తులో ఉంటుంది, మొదటిసారి నేను దిగి మునివేళ్ల మీద నిలబడి నొక్కాను. ఇప్పుడు ఫోను ఆప్ ఉంది కనుక ఆ అవస్థ లేదు.

మూడుసార్లు తూచాలి. మొదటిసారి కమ్మీలు బిగించి ట్రైలర్‌తో, రెండోసారి కమ్మీలు వదులు చేసి ట్రైలర్‌తో, మూడోసారి ట్రైలర్‌ను పార్కింగులో విప్పి ట్రక్కు ఒక్కటే, మనుషులు దిగకుండా, హిచ్ తల తీయకుండా. మా చీటీల్లో అంకెలు ఇవి. కమ్మీలతో: ముందు ఇరుసు 3,080, వెనక ఇరుసు 4,180, ట్రైలర్ ఇరుసులు 6,240. కమ్మీలు లేకుండా: 2,840, 4,540, 6,120. ట్రక్కు ఒక్కటే: 3,240, 3,220.

ఇక చదవడం. మొదటి రెండు తూకాల్లోనూ మొత్తం 13,500. మా జీసీడబ్ల్యూఆర్ 17,000, అంటే లాగుడులో 3,500 పౌండ్లు మిగులు. ట్రక్కు ఒక్కటే 6,460 కనుక ట్రైలర్ 7,040. కమ్మీలు లేనప్పుడు ట్రక్కు మీది బరువు 7,380, అందులోంచి 6,460 తీస్తే కొస బరువు 920, అంటే 13 శాతం, సరిగ్గా ఉండవలసినట్టే ఉంది. ముందు ఇరుసు కోల్పోయిన 400లో 240ని కమ్మీలు తిరిగి ఇచ్చాయి, అదీ బాగానే ఉంది. కానీ కమ్మీలతో ట్రక్కు మొత్తం 7,260. పరిమితి 7,050. వెనక ఇరుసు 4,180, దాని పరిమితి 4,100. లాగడంలో ఎక్కడా తప్పు లేదు, మోయడంలోనే రెండుచోట్ల దాటాము. ఆ రోజు ట్రక్కు ఏమీ మూలగలేదు, చడావులు హాయిగా ఎక్కింది. బరువు మించిన బండి అలా చెప్పదు. టైరు వేడెక్కడంలోనో, అత్యవసరంగా ఆపవలసిన చోటనో ఒకేసారి చెబుతుంది.

మేము చేసినది ఇది. తొట్టి మూత, 60 పౌండ్లది, విప్పేశాము. తొట్టిలోని 200 పౌండ్లలో 60 ఇంట్లో వదిలి, 140 ట్రైలర్‌లో సరిగ్గా ఇరుసుల పైన సర్దాము, అక్కడ పెడితే కొస మీద పెద్దగా పడదు. ట్రక్కు 7,000 దగ్గరికి వచ్చింది, వెనక ఇరుసు కూడా పరిమితి లోపలికి వచ్చింది. మిగులు 50 పౌండ్లు.

రోడ్డు మీద

ట్రైలర్ వెనక సైకిళ్ల స్టాండు తగిలించి నాలుగు సైకిళ్లు వేలాడదీస్తే, ఆ 150 పౌండ్లు ఇరుసులకు పది పన్నెండు అడుగుల వెనక కూర్చుని ముందు కొసను పైకి లేపుతాయి. ఇరుసుల వెనక ఉన్న నీటి తొట్టి నిండినా అంతే. 13 శాతం 10 దగ్గరికి జారడానికి ఆ రెండూ కలిస్తే చాలు. అలా సర్దు మారిన ప్రతిసారీ తూకం మళ్లీ వేయించాలి.

పెద్ద లారీ పక్క నుంచి దాటిపోతే ట్రైలర్ ఒకసారి అటు, ఒకసారి ఇటు కదిలి సర్దుకుంటుంది, అది మామూలే. సర్దుకోకుండా ఊపు పెరుగుతుంటే కాలు బ్రేకు మీదికి పోనివ్వకూడదు. ట్రక్కు నెమ్మదిస్తే వెనక బరువు దానిని నెట్టి ఇంకా తిప్పుతుంది. స్టీరింగ్ తిన్నగా పట్టుకుని, యాక్సిలరేటరు మీంచి కాలు మెల్లగా తీసి, కంట్రోలరు చేతి మీటతో ట్రైలర్ బ్రేకు ఒక్కటే నొక్కాలి. ట్రైలర్ వెనక్కి లాగినట్టై దారం బిగిసినట్టు తిన్నబడుతుంది. ఊగుడును తట్టుకోవడానికి ఎదురు స్టీరింగ్ తిప్పడం, వేగం పెంచడం రెండూ పనికిరావు. ఆగాక ఊరికే బయలుదేరకండి, సామాను ఎక్కడ జరిగిందో, ఏ టైరులో గాలి తగ్గిందో చూడండి.

కొలరాడో వంటి చోట్లకు వెళ్లేవారికి ఇంకొక సంగతి. టర్బో లేని పెట్రోలు ఇంజను ప్రతి వెయ్యి అడుగుల ఎత్తుకూ సుమారు 3 శాతం శక్తి కోల్పోతుంది. ఐ-70 మీది ఐసెన్‌హవర్ సొరంగం 11,000 అడుగుల పైన ఉంటుంది, అక్కడికి చేరేసరికి ఇంజనులో మూడో వంతు శక్తి ఉండదు. అంతకంటే జాగ్రత్త పడవలసినది దిగుడులో. లాగుడుకు తగ్గట్టు గేర్లను సర్దే టో-హాల్ మోడ్ వేసి, దిగుడు మొదలవక ముందే వేగం తగ్గించి, తక్కువ గేరు మీద దిగాలి. కాలిఫోర్నియాలో ట్రైలర్ లాగే బండికి గంటకు 55 మైళ్లే పరిమితి, పక్కవారు ఎంత వేగంగా పోతున్నా సరే. అక్కడే ట్రైలర్ జీవీడబ్ల్యూఆర్ 10,000 పౌండ్లు దాటితే మామూలు లైసెన్సు చాలదు.

గత వసంతంలో అమ్మానాన్నలు వచ్చినప్పుడు ఓక్లహోమాలోని బీవర్స్ బెండ్ పార్కుకు బయలుదేరాము. ఇద్దరూ కలిసి 295 పౌండ్లు, మా దగ్గర ఉన్న మిగులు 50. నాన్నకు చీటీ చూపిస్తే కళ్లద్దాలు పెట్టుకుని మూడు వరుసలూ చదివి, "నొగ ఎత్తి చూడటమే కదా" అన్నారు. మా ఆవిడ వాళ్లిద్దరినీ, బియ్యం సంచీని, కుక్కర్లను కారులో ఎక్కించుకుని ట్రక్కు వెనకాలే వచ్చింది.